‘ట్రైనింగ్‌లోనే పోయాడు’: బక్డెన్ పైక్ కొండ మీద ఆరుగురు

(విశాఖపట్నంలోని ఒక గ్రంథాలయంలో ఆదివారం ఉదయం చేసిన ప్రసంగం. మాట్లాడింది మాట్లాడినట్టే, చిన్న చిన్న సవరణలతో.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో ఉన్నవాళ్లకి వినపడుతోందా? ఫ్యాన్ల చప్పుడులో వినపడకపోతే చెయ్యెత్తండి, గొంతు పెంచుతాను.

మా ఇంట్లో చిన్నప్పటి నుంచీ విన్న ఒక మాటతో మొదలుపెడతాను. మా తాతగారికి ఒక తమ్ముడు ఉండేవాడు. మేం చినతాత అంటాం కానీ, పోయేనాటికి ఆయనకి ఇరవై రెండేళ్లు కూడా లేవు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో సైన్యంలో చేరాడు. ఇంకా ఎక్కడికీ పంపకముందే, శిక్షణలో ఉండగా, లారీ బోల్తాపడి చనిపోయాడు. ఇంటికి ఒక టెలిగ్రాం వచ్చింది, అంతే. ఆయన గురించి ఎవరు అడిగినా మా పెద్దవాళ్లు ఒకటే చెప్పేవాళ్లు: “యుద్ధానికి వెళ్లనే లేదమ్మా, ట్రైనింగ్‌లోనే పోయాడు.”

ఆ ‘లోనే’ చూడండి. ‘ట్రైనింగ్‌లో పోయాడు’ అంటే ఒక వార్త. ‘ట్రైనింగ్‌లోనే పోయాడు’ అంటే, చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదని. మా నాయనమ్మ ఆ మాట అన్నప్పుడల్లా అక్కడితో కథ ఆగిపోయేది. ఇంకో ప్రశ్న అడగాలనిపించేది కాదు.

పదకొండేళ్లుగా నేను ఇంగ్లండులో, లీడ్స్ నగరంలో ఉద్యోగం చేస్తున్నాను. అక్కడికి వెళ్లిన రెండో ఏడాది అనుకుంటాను, ఆఫీసులో స్నేహితులతో యార్క్‌షైర్ డేల్స్‌లో కొండలెక్కడానికి వెళ్లాను. బక్డెన్ అనే ఊరి పైన బక్డెన్ పైక్ అనే కొండ ఉంది. ఎత్తు 702 మీటర్లు. మన సింహాచలం కొండకంటే చాలా ఎత్తు కానీ, చూడ్డానికి అంత భయపెట్టదు. గడ్డి, బురద, పొడిరాళ్లు ఒకదాని మీద ఒకటి పేర్చి కట్టిన గోడలు. శిఖరం దాటి ఆ గోడ పక్కనే దక్షిణంగా నడుస్తూ పోతుంటే ఒక శిలువ కనిపించింది. వంగి చూశాను. దాని అడుగున విమానం ముక్కలు పొదిగి ఉన్నాయి. వాటి దగ్గర కంచుతో చేసిన ఒక చిన్న నక్క తల.

కొండ మీద నక్క తల ఏమిటి? ఆ ప్రశ్న నన్ను తొమ్మిదేళ్లుగా వదల్లేదు. ఈ రోజు మీకు చెప్పబోయేది అదే.

ముందు ఆ నక్క కథ చెప్పేస్తాను, ఎందుకంటే అక్కడ అందరికీ తెలిసింది అదొక్కటే. 1942 జనవరి 30. బ్రామ్‌కోట్ అనే చోట 18వ ఆపరేషనల్ ట్రైనింగ్ యూనిట్ ఉండేది. బాంబర్ విమానాలు నడపబోయే పోలండ్ దేశపు కుర్రాళ్లకి శిక్షణ ఇచ్చే కేంద్రం. దానికి చెందిన వెల్లింగ్టన్ విమానం, నంబరు ఎన్ 2848, ఆరుగురితో శిక్షణ ప్రయాణానికి బయల్దేరింది. మంచు తుఫానులో దారి తప్పింది. బక్డెన్ పైక్ పైభాగాన్ని గుద్దుకుంది. తోకలో కూర్చున్న గన్నర్ యూజెఫ్ ఫుష్న్యాక్ చీలమండ విరిగింది, కానీ బతికాడు. చుట్టూ ఏమీ కనిపించని తెల్లదనం. పాక్కుంటూ బయల్దేరాడు. మంచులో నక్క అడుగుజాడలు కనిపించాయి. ఇంత చలిలో నక్క తిండి కోసం ఇళ్లున్న వైపే దిగుతుందని అనుకుని ఆ జాడలు పట్టుకుని కిందికి వచ్చాడు. క్రే అనే చిన్న పల్లెలో, వైట్ లయన్ అనే సత్రం దగ్గర మనుషులు కనిపించారు.

మన భాషలో అదృష్టవంతుణ్ణి చూస్తే నక్కతోక తొక్కి వచ్చాడంటాం కదా. ఇతను నక్క అడుగుల్లో అడుగులేసి వచ్చాడు. ఆ మాట మొదటిసారి మా అమ్మకి ఫోన్లో చెప్పినప్పుడు ఆమె చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత అడిగింది: “మరి మిగతా అయిదుగురు?”

అమ్మ అడిగిన ప్రశ్నే నా పరిశోధనకి మొదలు.

మిగతా అయిదుగురి పేర్లు చెబుతాను. వాళ్ల పేర్లు తెలుగులో గట్టిగా పలకడం నాకిష్టం. చెస్వాఫ్ కుయావా, పైలట్. యెజీ పోల్చిక్. తదెయుష్ బ్యెగాన్‌స్కి. యాన్ సదోఫ్‌స్కి. యాన్ తొకజెఫ్‌స్కి.

ఈ పేర్ల దగ్గర నేను ఆరు నెలలు పోగొట్టుకున్నాను. ఇంగ్లీషులో ఆ అక్షరాలు చూసి మనం జెర్జీ, జాన్, సాడోవ్‌స్కీ అని చదువుతాం. బ్రిటిష్ గుమాస్తాలూ అలాగే చదివారు, అలాగే టైపు కొట్టారు. పోలిష్‌లో అక్షరాల మీదా కిందా గీతలు, చుక్కలు ఉంటాయి. అవి టైపు మిషన్లో లేవు కాబట్టి ఎగిరిపోయాయి. ఒకే మనిషి పేరు మూడు కాగితాల్లో మూడు రకాలుగా కనిపిస్తుంది. నేను తప్పు స్పెల్లింగుతో వెతుకుతూ, రికార్డు లేదనుకుని కూర్చున్నాను. ఆఖరికి మా వీధిలో బేకరీ నడిపే ఒక పోలిష్ ఆవిడ దగ్గర కూర్చుని ఒక్కో పేరూ పలికించుకుని, వెంటనే తెలుగులో రాసుకున్నాను. మన లిపిలో ‘యెజీ’ అని రాస్తే దాదాపు ఉన్నదున్నట్టు వస్తుంది. ఇంగ్లీషులో రాదు. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గరుంది. ఇది చూడండి, నూనె మరక పడింది, అది ఆ బేకరీదే.

పేర్లు సరిగ్గా తెలిశాక తలుపులు తెరుచుకున్నాయి. పోలిష్ వైమానికుల సర్వీసు నంబర్లు వేరేగా ఉంటాయి. అధికారుల నంబరు ముందు ‘పి’ అక్షరం ఉంటుంది. పేరు తప్పుగా ఉన్నా నంబరు పట్టుకుంటే మనిషి దొరుకుతాడు. మీలో ఎవరైనా ఇలాంటి వెతుకులాట మొదలుపెడితే ఇది గుర్తుపెట్టుకోండి: పేరుకంటే నంబరు నమ్మదగింది.

ఇప్పుడు అసలు సంగతి. వీళ్లు ఇంగ్లండు దాకా ఎలా వచ్చారు? 1939 సెప్టెంబరులో జర్మనీ, సోవియట్ యూనియన్ రెండు వైపుల నుంచీ పోలండ్‌ని ఆక్రమించాయి. వేలమంది వైమానికులు రుమేనియా మీదుగా, హంగరీ మీదుగా ఫ్రాన్సుకి, ఫ్రాన్సు పడిపోయాక 1940 వేసవిలో బ్రిటన్‌కి చేరారు. బ్రామ్‌కోట్‌లోనే పోలిష్ బాంబర్ స్క్వాడ్రన్లు, అంటే విమాన దళాలు, పుట్టాయి: 300, 301, 304, 305. ఇంటి దగ్గర అమ్మానాన్నలు శత్రువు చేతుల్లో ఉన్నారు. తమవల్ల ఇంటివాళ్లకి ముప్పు రాకూడదని కొందరు మారుపేర్లతో పనిచేశారు. ఒక కుర్రాడు ఇక్కడ చనిపోతే వార్త తల్లికి చేరే దారి లేదు. మా చినతాత విషయంలో కనీసం టెలిగ్రాం వచ్చింది.

వెల్లింగ్టన్ విమానం గురించి రెండు ముక్కలు. రెండు ఇంజన్లు. బార్న్స్ వాలిస్ అనే ఇంజనీరు రూపొందించిన అల్లిక దాని ప్రత్యేకత. అల్యూమినియం మిశ్రమంతో చేసిన పట్టీలను బుట్ట అల్లినట్టు ఏటవాలుగా అల్లి, పైన నారబట్ట బిగించి, రంగు పూసేవారు. మన మేదరివాళ్లు వెదురు తట్ట అల్లుతారు చూశారా, ఆ ఆలోచనే. ఒక చోట తెగినా బరువు మిగతా పట్టీల మీదికి పోతుంది, విమానం నిలుస్తుంది. యుద్ధంలో పెద్ద పెద్ద కన్నాలతో ఇల్లు చేరిన వెల్లింగ్టన్లు ఎన్నో. మొత్తం 11,461 తయారయ్యాయి. కానీ శిక్షణ కేంద్రాలకి వచ్చేవి చాలావరకు అప్పటికే స్క్వాడ్రన్లలో అరిగిపోయినవి. కొత్తగా నేర్చుకునేవాళ్ల చేతికి పాత విమానాలు. ఇంట్లో డ్రైవింగ్ నేర్చుకునే పిల్లాడికి పాత స్కూటరే ఇస్తాం కదా, తప్పనిపించదు. కానీ ఇక్కడ పడితే మోకాలు చెక్కుకుపోవడంతో ఆగదు.

వాళ్లు చేసేదాన్ని ‘క్రాస్ కంట్రీ’ అనేవారు. గంటల తరబడి దేశం మీదుగా ఒక త్రిభుజం లాగానో, చతురస్రం లాగానో ఎగిరి, అనుకున్న చోట మలుపులు తిరిగి, ఇల్లు చేరాలి. ఇప్పట్లా ఫోన్ తీస్తే నీలం చుక్క కనిపించే రోజులు కావు. నావిగేటర్ ఏం చేస్తాడంటే: ఇంత వేగంతో, ఈ దిక్కున, ఇన్ని నిమిషాలు ఎగిరాం, గాలి ఇటునుంచి ఇంత వేగంతో నెడుతోంది, కాబట్టి ఇప్పుడు ఇక్కడుండాలి అని పెన్సిలుతో లెక్క కడతాడు. ఆ గాలి లెక్క గంటకి ముప్పై కిలోమీటర్లు తప్పితే, రెండు గంటల్లో అరవై కిలోమీటర్లు పక్కకి పోతారు. కింద నేల కనిపిస్తే రైలు పట్టానో, నదినో చూసి సరిదిద్దుకుంటారు. మబ్బు కమ్మితే? నేల కనిపించాలంటే కిందికి దిగాలి. కింద చదునైన పొలాలే ఉన్నాయనుకుని దిగిన చోట కొండ ఉంటే?

వంజంగి వెళ్లినవాళ్లు ఇక్కడ చాలామందే ఉంటారు. తెల్లవారుజామున పైనుంచి చూస్తే పాలసముద్రంలా ఎంత బాగుంటుందో. అదే మబ్బులోకి విమానంలో దిగుతున్నామని ఒక్క క్షణం అనుకోండి. ఇంకోటి, ఎత్తు చూపించే మీటరు గాలి ఒత్తిడిని బట్టి పనిచేస్తుంది. ఒత్తిడి తగ్గిన వాతావరణంలోకి వెళ్తే, సరిదిద్దుకోకపోతే, అది ఉన్న ఎత్తుకంటే ఎక్కువ చూపిస్తుంది. తుఫాను వచ్చేదే ఒత్తిడి తగ్గిన చోట. అంటే కొండ దాక్కున్న సమయంలోనే మీటరు కూడా అబద్ధం చెబుతుంది.

బ్రామ్‌కోట్ నుంచి బక్డెన్ ఇంచుమించు 190 కిలోమీటర్లు ఉత్తరాన ఉంది. విశాఖ నుంచి రాజమండ్రి అనుకోండి.

కాగితాల సంగతికి వస్తాను. లండన్ శివార్లలో క్యూ అనే చోట నేషనల్ ఆర్కైవ్స్ ఉంది. అక్కడ ప్రతి స్క్వాడ్రన్‌కీ రోజువారీ పుస్తకం ఉంటుంది: ఎవరు ఎగిరారు, ఎక్కడ బాంబులు వేశారు, ఎన్నింటికి తిరిగొచ్చారు. స్క్వాడ్రన్ పుస్తకాలు చదువుతుంటే మనుషుల గొంతులు వినిపిస్తాయి. శిక్షణ కేంద్రాల పుస్తకాలు అలా ఉండవు. కొత్త బ్యాచ్ వచ్చింది, ఇన్ని గంటలు ఎగిరారు, వాతావరణం బాగోలేదు. ప్రమాదాలు ఒకటి రెండు పంక్తుల్లో అయిపోతాయి. అక్కడ కూడా ఆ ‘లోనే’ ఉంది, రాతలో కనిపించదు కానీ ఉంది.

హెండన్‌లో రాయల్ ఎయిర్ ఫోర్స్ మ్యూజియం దగ్గర ప్రమాదాల కార్డులు ఉన్నాయి. ఒక్కో ప్రమాదానికి ఒక్కో కార్డు. రెండు వైపులా గళ్లు. విమానం నంబరు, ఇంజను రకం, పైలట్ పేరు, అతను మొత్తం ఎన్ని గంటలు ఎగిరాడు, అందులో ఈ రకం విమానం మీద ఎన్ని. ఆ కార్డుల్లో నేను ముందు చూసేది ఈ గంటల గడి. ఒక మనిషికి ఎంత తెలుసో, ఎంత తెలియకుండానే పైకి పంపారో అక్కడ తేలిపోతుంది. పోలిష్ వాళ్ల కాగితాలకి ఇంకో చిరునామా ఉంది: లండన్ కెన్సింగ్టన్‌లోని పోలిష్ ఇన్‌స్టిట్యూట్, సికోర్‌స్కి మ్యూజియం. అక్కడి పెద్దాయన ఒకరు మొదటిరోజు నన్ను చూసి ఆశ్చర్యపోయారు, భారతీయుడు మా కుర్రాళ్ల కోసం ఎందుకొచ్చాడని. టీ ఇచ్చారు. మూడు గంటలు కూర్చోబెట్టారు.

ఈ ఫైళ్లు తిరగేస్తుంటే ఒక చోట ‘హైదరాబాద్’ అని కనపడి ఉలిక్కిపడ్డాను. రాయల్ ఎయిర్ ఫోర్స్ 110వ స్క్వాడ్రన్ పేరులో అది ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1918లో, దాని విమానాలకి డబ్బిచ్చింది నిజాం. అందుకని ఆ పేరు. 1939 సెప్టెంబరు 4న, బ్రిటన్ యుద్ధం ప్రకటించిన మర్నాడే, జర్మన్ యుద్ధనౌకల మీదికి వెళ్లిన మొదటి దాడిలో ఆ స్క్వాడ్రన్ ఉంది. ఇది మన కథకి సంబంధించింది కాదు. కానీ పరాయి దేశపు ఫైల్లో మన ఊరి పేరు కనిపిస్తే చెప్పకుండా ఉండలేను.

కాగితాలు, మనుషుల జ్ఞాపకాలు పోట్లాడుకునే చోటు కూడా చెప్పాలి. ఊళ్లో ఒకరు మధ్యాహ్నం పన్నెండు అంటారు, కాగితంలో పదకొండు ఉంటుంది. ఎవరో ఒకరు అబద్ధం చెబుతున్నారని అనుకోకండి. 1940 నుంచి యుద్ధం ముగిసేదాకా బ్రిటన్‌లో చలికాలంలో కూడా గడియారాలు గ్రీనిచ్ టైముకంటే గంట ముందుకి తిప్పి ఉంచారు. వంటింటి గడియారం ఒక టైము, వైమానిక దళం లాగ్ బుక్కు ఇంకో టైము. రెండూ నిజమే. నేను ఒక నోట్‌బుక్కులో ప్రతి వివరానికీ పక్కన రాసుకుంటాను: ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు, ఏ గడియారం. పోటాపోటీగా ఉన్న రెండింటిలో నాకు నచ్చింది ఉంచుకోను. రెండూ ఉంచుతాను.

ఇంకో విమానం గురించి క్లుప్తంగా చెప్పాలి. 1940 డిసెంబరు 31, స్కాట్లండు. లాసీమౌత్ నుంచి శిక్షణకి బయల్దేరిన వెల్లింగ్టన్, నంబరు ఎన్ 2980. మంచులో ఒక ఇంజను ఆగిపోయింది. పైలట్ మార్వుడ్-ఎల్టన్ అందరినీ దూకేయమన్నాడు. ఆరుగురు దూకారు. ఆయన, కో-పైలట్ కలిసి విమానాన్ని లాక్ నెస్ సరస్సు మీద దింపి, రబ్బరు పడవలో ఒడ్డుకి చేరారు. 1976లో ఆ సరస్సులో రాక్షసిని వెతుకుతూ వచ్చిన అమెరికన్ల సోనార్‌కి, అంటే శబ్దంతో నీటి అడుగున వెతికే పరికరానికి, ఈ విమానం కనిపించింది. 1985 సెప్టెంబరులో పైకి తీశారు. ఇప్పుడు అది తయారైన బ్రూక్‌లాండ్స్‌లోనే మ్యూజియంలో ఉంది. నేను వెళ్లి చూశాను. నారబట్ట పోయి, ఆ బుట్ట అల్లిక మొత్తం బయటపడి ఉంది. నలభై అయిదేళ్లు నీళ్లలో ఉన్న పట్టీలు. కొన్ని చోట్ల చెయ్యి పెట్టగలిగేంత దగ్గరగా నిలబడి చూడొచ్చు.

ఈ విమానం 1939 డిసెంబరు 18న హెలిగోలాండ్ అనే జర్మన్ దీవి దగ్గర జరిగిన ఘోరమైన పోరాటంలోంచి తిరిగొచ్చినది. ఆ రోజు జర్మన్ ఫైటర్లని ఎదుర్కొన్న 22 వెల్లింగ్టన్లలో 12 తిరిగి రాలేదు. అక్కడ బతికి, ట్రైనింగ్‌లో పడింది. మరి దూకిన ఆరుగురిలో ఒకరు ఫెన్సమ్, తోక గన్నర్. పారాచూట్ సరిగ్గా విచ్చుకోలేదు. చనిపోయాడు. లాక్ నెస్ విమానం అనగానే జనం రాక్షసి గురించి చెబుతారు. ఫెన్సమ్ పేరు ఎవరి నోటా నేను వినలేదు. మ్యూజియంలో నా పక్కన నిలబడి ఫొటో తీసుకుంటున్న ఒక కుటుంబానికి నేనే చెప్పాను.

అక్కడ రాక్షసి, ఇక్కడ నక్క. కథలో ఒక జంతువు దొరికితే మనుషులు వెనక్కి వెళ్లిపోతారు. పంచతంత్రం విని పెరిగినవాళ్లం, మనకి ఆ రుచి బాగా తెలుసు. నాకు నక్క మీద కోపం లేదు. ఆ నక్క లేకపోతే ఫుష్న్యాక్ లేడు, ఆయన లేకపోతే మనకి ఆ కథే లేదు. కానీ నేను వెతికింది నక్క వెళ్లిన వైపు కాదు. అది వదిలేసి వచ్చిన వైపు.

ఆ వైపు యాన్ సదోఫ్‌స్కి ఉన్నాడు.

విమానం గుద్దుకున్నాక బతికి ఉన్నది ఫుష్న్యాక్ ఒక్కడే కాదు. సదోఫ్‌స్కి కూడా బతికే ఉన్నాడు, తీవ్ర గాయాలతో. ఫుష్న్యాక్ అతన్ని పారాచూట్ గుడ్డతో కప్పి, సాయం తెస్తానని బయల్దేరాడు. కింద ఊరివాళ్లు సాయానికి కదిలారు. కానీ ఆ మంచులో, ఆ గాలిలో, ఆ కొండ ఎక్కడం మామూలు విషయం కాదు. సాయం చేరేసరికి సదోఫ్‌స్కి ప్రాణాలతో లేడు.

నేను జనవరిలో రెండుసార్లు ఆ కొండ ఎక్కడానికి వెళ్లాను. మొదటిసారి సగంలో తిరిగొచ్చేశాను. మంచు కురవడం మొదలైన పావుగంటకే నా ముందు నడుస్తున్న స్నేహితుడి ఎర్ర కోటు కనపడలేదు. చేతిలో ఫోను, వీపు మీద సంచిలో ఫ్లాస్కు, కాళ్లకి మంచి బూట్లు, రెండు కాళ్లూ బాగున్నాయి. అయినా గోడని పట్టుకుని నిలబడిపోయాను. రెండోసారి పైదాకా వెళ్లాం. మంచు లేదు, గడ్డి మీద పొగమంచు గడ్డకట్టి ఉంది. శిలువ అడుగున ఉన్న లోహపు ముక్క మీద నుంచి ఆ తెల్లటి పొర వేలితో తుడిచాను. కింద బూడిదరంగు అల్యూమినియం. ఒక చిన్న రంధ్రం, రివెట్ ఊడిపోయిన చోటు కాబోలు. నా చిటికెనవేలు గోరు సరిగ్గా పట్టేంత. గ్లవ్ తీసిన చెయ్యి రెండు నిమిషాల్లో మొద్దుబారిపోయింది. సదోఫ్‌స్కి ఎంతసేపు అలా పడి ఉన్నాడో అన్న ఆలోచన అప్పుడు వచ్చింది, ఇప్పటికీ పోలేదు.

ఒక హెచ్చరిక. అలాంటి చోట్ల ముక్కలు జేబులో వేసుకోకూడదు. 1986లో వచ్చిన చట్టం ప్రకారం బ్రిటన్‌లో సైనిక విమానాల శిథిలాలను లైసెన్సు లేకుండా కదిలించడం నేరం. చట్టం లేకపోయినా అది సమాధి లాంటి చోటు.

ఆ శిలువ కట్టించింది ఫుష్న్యాకే. ధైర్యానికి ఆయనకి బ్రిటిష్ ఎంపైర్ మెడల్ ఇచ్చారు. యుద్ధం తర్వాత ఇంగ్లండులోనే ఉండిపోయాడు. 1973లో ఈ స్మారకం పెట్టించాడు. దాని మీద దేవుడికి, చర్చి ఫాదరుకి, ఊరివాళ్లకి కృతజ్ఞతలు, ఇక్కడ మరణించిన అయిదుగురు పోలిష్ వైమానికుల జ్ఞాపకార్థం అని ఉంది. వాళ్లని నెవార్క్‌లో పూడ్చారని ఉంది. ఆఖర్న తన పేరు రాసుకోలేదు. ‘బతికినవాడు’ అని అర్థం వచ్చే మాట రాసుకున్నాడు. ముప్పై ఒక్క ఏళ్ల తర్వాత కూడా ఆయన తనని తాను ఆ అయిదుగురి పక్కన పెట్టుకునే చూసుకున్నాడు. మిగతా పరిశోధనంతా ఒక ఎత్తు, ఆ ఒక్క మాట ఒక ఎత్తు నాకు.

వాళ్లు ఒంటరివాళ్లు కారు. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ బాంబర్ కమాండ్‌లో 55,573 మంది చనిపోయారు. అందులో ఎనిమిది వేలకు పైగా శత్రువు చేతిలో కాదు, ప్రమాదాల్లో పోయారు. శిక్షణలోనే అయిదు వేలకు పైమాటే. చూడండి, నా నోట్లోనూ ‘లోనే’ వచ్చేసింది. పైగా శిక్షణకీ యుద్ధానికీ మధ్య గీత అంత గట్టిదేం కాదు. ఈ ప్రమాదం జరిగిన నాలుగు నెలలకి, మే 30 రాత్రి, కొలోన్ నగరం మీదికి వెయ్యికి పైగా విమానాలు పంపారు. ఆ లెక్క పూర్తిచెయ్యడానికి శిక్షణ కేంద్రాల నుంచి వందలాది విమానాలు తీశారు. నేర్చుకుంటున్న కుర్రాళ్లూ, నేర్పేవాళ్లూ వాటిలో వెళ్లారు.

అదే 1942లో మన ఊరు ఎలా ఉందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. మా నాయనమ్మ చెప్పేది, బళ్లు కట్టుకుని సామాన్లతో పల్లెలకి వెళ్లిపోయిన జనం గురించి. ‘ఎక్కడి పోలండ్, ఎక్కడి యార్క్‌షైర్, నీకెందుకురా’ అని మా నాన్న అడిగినప్పుడు నేను ఆయనకి ఇదే గుర్తుచేశాను. ఆ కొండకీ మన రేవుకీ మధ్య ఉన్నది తొమ్మిది వారాలు.

పోయిన ఏడాది అక్టోబరు ఆఖరి ఆదివారం నెవార్క్ వెళ్లాను. అక్కడి శ్మశానంలో పోలిష్ వైమానికుల సమాధులు వరసలుగా ఉన్నాయి. పోలండ్ ప్రధాని సికోర్‌స్కిని కూడా 1943లో అక్కడే పూడ్చారు. యాభై ఏళ్ల తర్వాత, 1993లో, ఆయన్ని స్వదేశానికి తీసుకెళ్లారు. కుర్రాళ్లు అక్కడే ఉన్నారు. పోలిష్ వాళ్లకి మన పెద్దలకి పెట్టుకునే అమావాస్య లాంటి రోజు ఒకటుంది, సమాధుల మీద దీపాలు పెడతారు. ఇంగ్లండు నలుమూలల నుంచీ వస్తారు. చిన్న పిల్లలు కూడా ఎర్రగాజు దీపాలు పట్టుకుని వరసల మధ్య నడుస్తారు. ఒక పాప నాకో దీపం ఇచ్చింది, ఎవరికి కావాలంటే వాళ్లకి పెట్టమంది. నేను సదోఫ్‌స్కి దగ్గరికి వెళ్లాను. పేరు బయటికే పలికాను, బేకరీ ఆవిడ నేర్పినట్టు.

సరే. టైము అవుతోంది. ఎవరో అడుగుతున్నారు... చెప్పండమ్మా.

(సభలోంచి ఒక పెద్దావిడ: “మరి మీ చినతాత సంగతి ఏమైంది నాయనా? దొరికిందా?”)

వెతుకుతున్నానమ్మా. టెలిగ్రాం చెదపురుగులు తినేశాయి. ఒక ఫొటో మాత్రం మిగిలింది, వెనకాల పెన్సిలుతో ఒక నంబరు. అందులో చివరి రెండు అంకెలు చెరిగిపోయాయి. అప్పట్లో దహనం చేసిన మన సైనికులకి సమాధులుండవు కదా, వాళ్ల పేర్లు ఢిల్లీ-కరాచీ యుద్ధ స్మారకం జాబితాలో చేర్చారు. పాతిక వేలకు పైగా పేర్లు. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక, ఒకచోట అసలు లేదు. మా ఇంటిపేరుని ఇంగ్లీషులో ఎన్ని రకాలుగా రాయొచ్చో పదిహేడు రకాలు రాసి పెట్టుకున్నాను. తొమ్మిది అయ్యాయి, ఎనిమిది మిగిలాయి.

మీ ఇళ్లలో కూడా పాత ట్రంకుపెట్టెల్లో ఇలాంటివి ఉంటే, పతకం గానీ, పే బుక్కు గానీ, నంబరున్న ఏ కాగితమైనా గానీ, దయచేసి పారెయ్యకండి. ఫొటో తీసి తెచ్చినవాళ్లు ఉంటే రండి, ఒంటిగంట దాకా ఆ కిటికీ పక్క బల్ల దగ్గర ఉంటాను. ఎవరిదైనా ముందు నంబరు చూద్దాం.